లోపల ఎవరూ లేరన్న మాట గురించి

నా పేరు, ఇంటి చిరునామా పై కాగితంలో రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పడం లేదు. వయసు ముప్పై ఆరు. బూట్ల కార్ఖానాలో ఖర్చుల గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఒక జత బూట్లు తయారవడానికి కార్ఖానాకి ఎంత పడిందో లెక్క కట్టి ఓనరుకి చెప్పడం నా ఉద్యోగం. ఈ వాంగ్మూలం ఎవరి బలవంతం మీదా ఇవ్వడం లేదు. మా ఆయన బయట బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన ఎందుకు తల వంచుకున్నాడో తర్వాత చెబుతాను.

మా అత్త బతికే ఉంది. ఇది మొదట రాయమని అడిగాను. వరసలో వచ్చినప్పుడు రాద్దామని, ఇది రాసుకుంటున్న స్టేషన్ రైటరు గారన్నారు. ఇది ముందు చెబితే గాని మిగతాది నా నోట్లోంచి రాదన్నాను, అప్పుడు రాశారు. ఆవిడ ఇప్పుడు నా వెనక కుర్చీలో ఉంది. దగ్గుతోంది గానీ భయమేమీ లేదని డాక్టరు చెప్పాడు. బతికే ఉంది.

నేను వచ్చింది మా మేస్త్రీ కోసం. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన ఈ స్టేషన్‌లోనే ఉన్నాడు. నిన్న కార్ఖానాలో మంటలు లేచినప్పుడు ఫైరింజను ఆఫీసరు "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, మేస్త్రీ "ఎవరూ లేరండి" అన్నాడు. అప్పుడు లోపల మా అత్త ఉంది. తెలిసే అబద్ధం చెప్పాడని తేలితే ఆయన్ని కోర్టుకి పంపుతామనీ, తెలియక చెప్పాడని తేలితే ఈరోజే ఇంటికి పంపుతామనీ ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. ఆయన తెలియక చెప్పాడు. ఎందుకు తెలియలేదో నేను చెప్పగలను.

మా కార్ఖానా పొడుగాటి రేకుల షెడ్డు. ముందు సిమెంటు చేసిన ఖాళీ జాగా, ఆ తర్వాత వీధి గేటు. షెడ్డులోకి అడుగు పెట్టగానే కోత బల్ల, అక్కడ తోలు కోస్తారు. దాని వెనక కుట్టు బల్లలు. ఆ వెనక బూటు అడుగులు అతికే బల్ల, దాని పక్కనే జిగురు డబ్బాల గది. ఆ గది దాటి చిన్న నడవలోంచి వెళితే చిట్టచివర సాన గది. మా అత్త ఉండేది అక్కడ. తోలు కోసే కత్తులకి సానపట్టడం ఆవిడ పని. కార్ఖానాలో అందరూ సానత్త అంటారు. ఎవరికి అత్తో, ఎలా అత్తో ఎవరికీ అక్కర్లేదు, ఓనరు కూడా అత్తా అనే పిలుస్తాడు. మా ఆయన తల్లి కాబట్టి నేనొక్కదాన్నే హక్కుతో పిలిచేది.

ఆవిడ పనిచేసే పద్ధతి చెప్పాలి, ఎందుకంటే ఆవిడ లోపలుందని మాకు తెలిసింది దాని వల్లే. కోత బల్ల దగ్గర ఒక్కొక్కరికీ రెండేసి కత్తులు ఉంటాయి. ఒకటి చేతిలో ఉంటే రెండోది సాన గదిలో ఉంటుంది. మా అత్త మధ్య మధ్యలో బల్ల వెనక్కి వస్తుంది. కోసేవాళ్ళు తోలు మీంచి కళ్ళు తీయరు, తీస్తే కోత వంకర పోతుంది. మొద్దుబారిన కత్తిని అలాగే వెనక్కి చాపుతారు. ఆవిడ దాన్ని అందుకుని, సానపట్టిన కత్తిని అదే చేతిలో పెడుతుంది, పిడి వాళ్ళ వైపు ఉండేలా. ఇన్నేళ్ళలో ఒక్క వేలు తెగలేదు. ఇంట్లో గరిటె ఇచ్చినా ఆవిడ పిడి మన వైపే పెడుతుంది. దువ్వెన ఇచ్చినా అంతే.

ఇప్పుడు నా పని గురించి చెబుతాను. కూలి ఖర్చుని మేం రెండు రకాలుగా విడదీస్తాం. పుస్తకాల్లో ప్రత్యక్షం, పరోక్షం అని రాస్తారు. మా దగ్గర బల్ల కూలి, పంపకం కూలి అంటాం. ఈ జత బూట్ల మీద ఈ మనిషి ఇంతసేపు పనిచేశాడని చూపించగలిగితే అది బల్ల కూలి. కోసేవాళ్ళు, కుట్టేవాళ్ళు, అడుగులు అతికేవాళ్ళు అందులోకి వస్తారు. మా అత్త సానపట్టిన కత్తి ఎన్నో జతల తోలు కోస్తుంది. అందులో ఏ జతకి ఆవిడ శ్రమ ఎంతో విడిగా చూపించలేం. మేస్త్రీ, స్టోరు చూసే అతను, మెషిన్లు బాగుచేసే అతను, ఊడ్చే ఆవిడ, గేటు వాచ్‌మన్, నేను, అందరం అంతే. మా జీతాలన్నీ ఒక కుప్ప పోసి, తయారైన జతలన్నిటి మీదా కొంచెం కొంచెం పంచుతాం. అందుకే పంపకం కూలి.

ఇన్‌స్పెక్టర్ గారు ఇది బుర్రకెక్కలేదన్నారు. నేను ఆయన్నే అడిగాను, ఈ స్టేషన్ ఊడ్చే మనిషి జీతం ఏ కేసు ఖర్చులో రాస్తారండీ అని. ఏ కేసులోనూ రాయం అన్నారు. దొంగతనం కేసు మీద ఊళ్ళు తిరిగే కానిస్టేబుల్ పని ఏ కేసు కిందికి వస్తుందండీ అంటే, ఆ దొంగతనం కిందికే అన్నారు. అంతేనండీ అన్నాను. అయితే నేనూ పంపకమేనా అని అడిగారు. అన్ని కేసులూ చూస్తారు కాబట్టి మీరూ పంపకమే అన్నాను. రైటరు గారు నవ్వారు. ఈ ముక్క వదిలేద్దామా అని ఆయన అంటే, రాయమన్నది ఇన్‌స్పెక్టర్ గారే.

ఇంట్లో ఈ విషయం మీద మా అత్తకీ నాకూ ఎప్పుడూ పేచీయే. "నా చెయ్యి పడని బూటు ఒక్కటి చూపించవే" అంటుంది. "పడలేదని ఎవరన్నారత్తా? ఎంత పడిందో కొలవలేమంటున్నాను" అంటాను. "అయితే కొలవలేనంత పని చేస్తున్నానన్నమాట" అని మూతి తిప్పుకుని వెళ్ళిపోతుంది. మా ఆయన మా ఇద్దరి మధ్యా కూర్చుని పేపరు చదువుకుంటాడు.

పంపకం అంటే పనికిరాని ఖర్చు కాదు. అది లేకపోతే బల్లలు నడవవు. కానీ ధర తగ్గించమని కొనేవాళ్ళు ఒత్తిడి చేసినప్పుడల్లా ఓనరు మొదట చూసేది ఆ వైపే. సాన గది కిటికీ అద్దం పగిలి చాలాకాలమైంది. దానికి మందపాటి టార్పాలిన్ గుడ్డ అడ్డంగా మేకులు కొట్టి పెట్టారు. అద్దం వేయించమని చాలాసార్లు చెప్పాను. "అదీ పంపకంలోకే పోతుంది కదమ్మా, జత ధర పెరుగుతుంది" అన్నాడు. ఆ మాట నా దగ్గర నేర్చుకున్నదే.

రెండు నెలల కింద ఫైరింజను ఆఫీసు వాళ్ళు వచ్చి, ప్రమాదం జరిగితే మనుషుల్ని సరిచూసుకోవడానికి ఏదో ఒక ఏర్పాటు చేసుకోమని చెప్పి వెళ్ళారు. ముందున్న సిమెంటు జాగాలో మనిషికో సున్నా గీద్దామని మేస్త్రీ అనుకున్నాడు. గంట మోగితే ఎవరి సున్నాలో వాళ్ళు నిలబడాలి. ఖాళీ సున్నా కనిపిస్తే లోపల మనిషి ఉండిపోయినట్టు. మంచి ఆలోచనే. ఆయన పసుపు రంగు డబ్బా పట్టుకుని నా గదికి వచ్చాడు. "ఏ బల్లకి ఎంతమందో చెప్పమ్మా, తొందరగా, మూత తీసేశాను, ఆరిపోతుంది" అన్నాడు. నాకు ఆ లెక్క నోటికి వచ్చు, రోజూ దానితోనే పని. కోత బల్లకి ఆరుగురు, కుట్టు బల్లలకి పద్నాలుగు, అడుగుల బల్లకి ఎనిమిది అన్నాను. "మొత్తం ఇరవై ఎనిమిది, అంతేనా?" అన్నాడు. "అంతే" అన్నాను.

నేను తప్పు చెప్పలేదు, ఆయన తప్పు అడగలేదు. కార్ఖానాలో మనుషులెంతమంది అని అడిగి ఉంటే ముప్పై అయిదు అనేదాన్ని. ఆయన బల్లల లెక్క అడిగాడు, నేను బల్లల లెక్క చెప్పాను. పంపకంలో ఉన్న ఏడుగురం అలా జారిపోయాం. ఆ ఏడుగురిలో ఆయనా ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఇరవై ఎనిమిది సున్నాలు తన చేత్తో గీశాడు, తనకి ఒకటి గీసుకోలేదు. ఇదొక్కటి ఇన్‌స్పెక్టర్ గారు గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాను.

మొదటిసారి ఉత్తుత్తి గంట కొట్టి చూసినప్పుడు మేస్త్రీ వరసల వెంట తిరుగుతుంటే, మిగతా ఆరుగురం గోడ నీడన నిలబడ్డాం. ఎండలో నిలబడే బాధ తప్పిందని సంతోషించాం కూడా. "మనకి సున్నా కూడా దక్కలేదు" అని మా అత్త అంటే అందరం నవ్వాం. మేస్త్రీ కూడా నవ్వాడు. ఎవరికీ ఏమీ తట్టలేదు.

నిన్న, గురువారం, పొద్దున ఇంట్లో బయల్దేరుతూ మా అత్త "పదకొండింటికి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాను, నువ్వు రానక్కర్లేదు" అంది. అందుకని పదకొండు దాటాక ఆవిడ కార్ఖానాలో లేదనే అనుకున్నాను. పదకొండుంపావు ప్రాంతంలో జిగురు గదిలోంచి పొగ వచ్చింది. ఎలా అంటుకుందో నాకు తెలియదు. గంట మోగింది. అందరం బయటికి పరిగెత్తాం. మా అత్తకి ఆ గంట వినపడలేదు. సాన చక్రం చేసే రొదకి ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంటుంది.

బల్లల వాళ్ళు సున్నాల్లో నిలబడ్డారు. మేం గోడ దగ్గర నిలబడ్డాం. మేస్త్రీ వరసల వెంట నడుస్తూ ఒక్కొక్కరి భుజం ముట్టుకుని చూశాడు. ఒక్క సున్నా కూడా ఖాళీ లేదు. ఫైరింజను వచ్చింది. ఆఫీసరు అడిగాడు. "ఎవరూ లేరండి, సున్నాలన్నీ నిండాయి" అన్నాడు మేస్త్రీ. ఆ మాట నేను నా చెవులారా విన్నాను. నాకూ అది నిజమే అనిపించింది. అక్కడున్న ఎవరిని అడిగినా అదే చెప్పేవాళ్ళు. ఫైరింజను వాళ్ళు లోపలికి వెళ్ళి వెతక్కుండా జిగురు గది వైపు నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు.

కోత బల్ల వరసలో మొదట నిలబడే పొడుగాటి మనిషిని మేం నిచ్చెన అంటాం. గంట మోగినప్పుడు చేతిలో ఉన్న కత్తి చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చేశాడు. అందరిలాగే అతనూ పొగ వైపే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ, అలవాటు చొప్పున, కత్తిని వెనక్కి చాపి వదిలేశాడు. ఎవరూ అందుకోలేదు. అది సిమెంటు మీద టంగుమని పడింది.

అతను కత్తి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "సానత్త ఏది?" అన్నాడు. "కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది" అన్నాను. "లేదు, ఇందాకేగా నా రెండో కత్తి తీసుకెళ్ళింది. అందరివీ పట్టేసి అప్పుడు వెళ్తానంది" అన్నాడు.

ఆ తర్వాత నాకు సరిగ్గా గుర్తు లేదు. నేను అత్తా అత్తా అని అరిచానని చెబుతున్నారు. మేస్త్రీని ఒక మాట అన్నానని కూడా చెబుతున్నారు. అని ఉంటే దాన్ని ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. మేస్త్రీ పరిగెత్తడం మాత్రం చూశాను. షెడ్డుకి పక్కనున్న తలుపు ఇనప తలుపు, పొగ వేడికి కాలిపోతోంది. దాని గడియని ఉత్త చేత్తో పట్టుకుని లాగాడు. మంట తగ్గేదాకా ఎవరూ లోపలికి వెళ్ళలేరంటూ ఇద్దరు ఫైరింజను మనుషులు ఆయన్ని నడుం పట్టి వెనక్కి ఈడ్చారు. "సున్నాలన్నీ నిండాయి కదయ్యా" అంటూనే ఉన్నాడు. "నేను చూశాను, అన్నీ నిండాయి కదయ్యా." ఆయన కుడి అరచేతి తోలు ఊడిపోయింది. తెలిసి అబద్ధం చెప్పిన మనిషి ఆ గడియ పట్టుకోడని నేననుకుంటున్నాను.

మా ఆయనకి ఆ వీధి చివర సైకిళ్ళ రిపేరు షాపు ఉంది. ఎవరో చెబితే గ్రీజు చేతులతో పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి పోలీసు జీపు వచ్చింది. మా అమ్మని వీడే చంపేశాడని మేస్త్రీ మీద అక్కడికక్కడే ఫిర్యాదు రాసిచ్చాడు. ఆ కాగితం మీద గ్రీజు వేళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. తల్లి లోపల ఉందంటే ఎవరికైనా ఒళ్ళు తెలియదు, నేను ఆయన్ని తప్పు పట్టడం లేదు.

ఆయన సంతకం పెట్టి కాస్సేపైనా కాలేదు, వీధి గేటులోంచి మా అత్త నడుచుకుంటూ వచ్చింది. షెడ్డులోంచి కాదు, వీధిలోంచి. ముఖమంతా మసి. ఒడి నిండా కత్తులు, ఆప్రాన్ అంచు పైకి ముడేసి పట్టుకుంది. దగ్గుతూ, మధ్య మధ్యలో ఆగుతూ వచ్చింది. వాచ్‌మన్ ఆవిడని గుర్తు పట్టక, ఇప్పుడు లోపలికి రాకూడదమ్మా అన్నాడట.

జరిగింది ఆవిడ తన వాంగ్మూలంలో చెప్పుకుంది, నేను టూకీగా చెబుతాను. పొగ వాసన తగిలి తలుపు తీస్తే నడవంతా పొగ నిండిపోయి ఉంది. తలుపు మూసి, సాన రాయి కింద తొట్టిలో గోనెపట్టా తడిపి తలుపు సందులో కుక్కింది. అప్పుడే పదును పెట్టిన నిచ్చెన కత్తితో కిటికీ టార్పాలిన్ నిలువునా కోసి వెనక సందులోకి దిగింది. వెనక సందులోంచి ముందు వీధికి రావాలంటే మార్కెట్టంతా చుట్టి రావాలి. ఆవిడకి అరవై దాటాయి. దారిలో టీ కొట్టు దగ్గర కూర్చుని నీళ్ళు తాగింది. "అంతసేపు ఏం చేశావత్తా, మేం ఇక్కడ చచ్చిపోతున్నాం" అంటే, "నన్ను వెతుకుతున్నారని నాకేం తెలుసు? నేను బయటే ఉన్నానుగా" అంది.

అద్దం వేయించి, దానికి ఊచలు కూడా బిగించి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు. ఓనరు పిసినారితనానికి జీవితంలో మొదటిసారి దండం పెట్టుకున్నాను.

ఆవిడని చూసి ఏడ్చాను, నవ్వాను, ఎదురెళ్ళి భుజం మీద గట్టిగా ఒకటి వేశాను. నా పెళ్ళయి పన్నెండేళ్ళు, అత్త మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. మా ఆయన తల్లి కాళ్ళు పట్టుకుని వదల్లేదు. మేస్త్రీ నేల మీద కూర్చుని, కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. బల్లల వాళ్ళు ఇంకా సున్నాల్లోనే ఉన్నారు, కదలమని ఎవరూ చెప్పలేదు కాబట్టి. మా అత్త వాళ్ళందరినీ ఒకసారి చూసి, "నేనెక్కడ నిలబడాలి?" అని అడిగింది. ఎత్తిపొడుపుగా కాదు. నిజంగానే అడిగింది.

నిచ్చెన తన సున్నాలో పక్కకి జరిగాడు. ఆవిడ వెళ్ళి అందులో నిలబడి, అతని రెండో కత్తి అతనికిచ్చింది. పిడి అతని వైపు పెట్టే ఇచ్చింది.

మొన్న మంగళవారం కోత బల్ల దగ్గర ఒకతను రాకపోతే, ఆ రోజంతా మా అత్తే కూర్చుని తోలు కోసింది. ఆ రోజు ఆవిడది బల్ల కూలిలోనే రాశాను. మంటలు ఆ రోజే లేచి ఉంటే ఆవిడకి ఆ రానివాడి సున్నా ఉండేది, ఆవిడ బయటికి రాకపోతే ఖాళీ కనిపించేది, మేస్త్రీ ఆ ఆఫీసరుతో వేరే మాట చెప్పేవాడు. గురువారం ఆవిడ మళ్ళీ పంపకంలోకి వచ్చింది. తేడా అంతే.

మేస్త్రీకి మా అత్త మీద పగ ఉందా అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. రోజూ పోట్లాడుకుంటారు. చక్రం రొద తగ్గించమని ఆయన, నోరు తగ్గించమని ఈవిడ. దాన్ని పగ అంటే మా ఇంట్లో అందరికీ అందరి మీదా పగే. మా ఆయన తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని పొద్దుటి నుంచి బయట కూర్చున్నాడు. ఫైరింజను వాళ్ళ రిపోర్టు వేరే ఉంది కాబట్టి అది చాలదన్నారు. అందుకే ఇంత వివరంగా చెప్పాను.

ఇంతవరకు రాశాక ఇన్‌స్పెక్టర్ గారు లేచి వెళ్ళి ఫైరింజను ఆఫీసరుతో ఫోనులో మాట్లాడారు. తిరిగి వచ్చి, మేస్త్రీని తీసుకురమ్మన్నారు. ఆయన చేతికి కట్టు కట్టి ఉంది. "నువ్వు ఇంటికెళ్ళొచ్చు" అన్నారు. మేస్త్రీ నిలబడ్డచోటే నిలబడిపోయాడు, విన్నది అర్థం కానట్టు. "ఏమన్నా తిన్నావా?" అని మా అత్త అడిగింది. తల అడ్డంగా ఊపాడు. "డబ్బాలో ఇంకా కొంచెం రంగు మిగిలిందమ్మా, ఏడు వస్తాయి" అన్నాడు. "చెయ్యి మాననీ ముందు. గీస్తే గోడ నీడలో గియ్యి, ఎండలో నేను నిలబడను" అంది మా అత్త. నిన్నటి నుంచి మొదటిసారి నాకు హాయిగా ఉంది. హాయిగా ఉందని రాయమన్నాను.

నేను చెప్పింది రైటరు గారు నా ముందే రాసి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను, కల్పించింది ఏమీ లేదు. సంతకం ఎక్కడ పెట్టాలో రైటరు గారు వేలు పెట్టి చూపిస్తే, అక్కడి నుంచి కళ్ళు తీయకుండా కలం కోసం చెయ్యి వెనక్కి చాపాను. ఇందాక తన వాంగ్మూలం మీద సంతకం చేసినప్పుడు కలం మా అత్త దగ్గరే ఉండిపోయింది. ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టింది, పట్టుకునే వైపు నా వైపు ఉండేలా. ఇది కూడా రాసుకోమన్నాను, రాసుకున్నారు.

(సంతకం)
ఖర్చుల గుమాస్తా, బూట్ల కార్ఖానా

చదివి వినిపించాక నా ఎదుట సంతకం చేశారు.
(సంతకం)
స్టేషన్ రైటరు